ఉమ్మడి పానం, ఉమ్మడి పద్దు

మన సంఘం ప్రత్యేక సంచికలో పింఛను నిబంధనలు, వైద్య సదుపాయాలు, తీర్థయాత్రల విశేషాలు చదవడానికి అలవాటు పడిన సభ్య మిత్రులకు ఈ వ్యాసం చూసి కొంత ఆశ్చర్యం కలగవచ్చు. ఇంట్లో తయారు చేసుకున్న బీరును నలుగురు స్నేహితులు కలిసి తాగితే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నది ఇక్కడ విషయం. నేను తాగేవాణ్ణి కాను. కాని ఆబ్కారీ శాఖలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా కూర్చుని, ఒక్క చుక్క నాలుకకు తగలకుండా లక్షల గ్యాలన్ల లెక్కలు రాసినవాణ్ణి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన రోజుల్లోనూ, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చినప్పుడూ, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలిపోయినప్పుడూ నేను అదే కుర్చీలో ఉన్నాను. ఆ ఆడవాళ్ల పక్షమే నా పక్షమని ముందుగా మనవి చేసుకుని, లెక్కల విషయానికి వస్తాను.

మనలో ప్రతి ఒక్కరికీ తెలిసిన ఉమ్మడి పద్దు ఆఫీసు టీ క్లబ్బు. పాలు, పంచదార, టీపొడి, కిరసనాయిలు, అటెండరుకు నెలకింత. నెలాఖరున మొత్తం కూడి తలా ఇంత అని పంచుకునేవాళ్లం. చెప్పడానికి చాలా సులువు. రోజుకు ఒక కప్పు తాగేవాడూ మూడు కప్పులు తాగేవాడూ ఒకే వంతు ఇవ్వాలా? పదిహేను రోజులు సెలవులో ఉన్నవాడి మాటేమిటి? ఆఫీసరు గారి కోసం వచ్చిన పెద్దమనిషికి ఇచ్చిన టీ ఎవరి పద్దు? ఇలాంటి పేచీలతో విడిపోయిన టీ క్లబ్బులు నాకు తెలిసినవే నాలుగున్నాయి. టీకే ఇంత తంటా ఉంటే, వారం పదిరోజులు పులియబెట్టి, సుంకాల వాళ్ల కన్ను పడే పానీయం సంగతి వేరే చెప్పాలా!

ఈ లెక్క చాలా పాతది. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనాలు సుమారు 3700 ఏళ్ల నాటివి. కల్లంగడి నడిపే ఆడమనిషి ఒక కుండ బీరు అప్పుగా ఇస్తే, పంట చేతికొచ్చాక 50 సిలల ధాన్యం తీసుకోవాలని వాటిలో ఒక శాసనం చెబుతుంది. సిల అంటే దాదాపు లీటరు. ధాన్యంతో తయారయ్యే వస్తువుకు ధాన్యంతోనే బాకీ తీర్చడం! మన పల్లెల్లో చాకలికీ మంగలికీ కళ్లంలో కొలిచి ఇచ్చిన రోజులు గుర్తున్నవారికి ఇది కొత్తగా తోచదు.

అసలు కథ ఇంగ్లండులో ఉంది. అక్కడి పల్లెటూళ్లలో పూర్వం తాగినదాన్ని ఏల్ అనేవారు. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి మాల్టు చేస్తారు. మన రాగిమాల్టు లాంటిదే. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, తియ్యటి ఊట వడగట్టి, పులియనిస్తారు. అంతే, ఏల్ తయారు. దీనితో ఉన్న చిక్కల్లా నిలవ ఉండకపోవడం. కొద్ది రోజుల్లో పుల్లబడిపోతుంది. కొంచెం చేస్తే కట్టెల ఖర్చు గిట్టదు, ఎక్కువ చేస్తే పారబోయాలి. అందుచేత ఒక ఇల్లాలు ఈ వారం చేసి తన ఇంటికి కావలసినంత ఉంచుకుని మిగిలినది ఇరుగుపొరుగుకు ఇచ్చేది. వచ్చే వారం ఇంకో ఇల్లాలు చేసేది. ఇచ్చిపుచ్చుకోవడానికి మంచి మనసు ఒక్కటే కారణం కాదు, పుల్లబడుతుందన్న భయం కూడా కారణం. ఆ రోజుల్లో ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. జుడిత్ బెన్నెట్ అనే చరిత్రకారిణి 1996లో వారి మీద ఒక పుస్తకమే రాసింది.

మిగిలినది ఇవ్వడంలో డబ్బు చేతులు మారింది కాబట్టి సర్కారు మధ్యలోకి వచ్చింది. మూడవ హెన్రీ రాజు కాలంలో, 1266-67 ప్రాంతంలో, రొట్టెకూ ఏల్‌కూ ధరలు కట్టే చట్టం వచ్చింది. గోధుమ, బార్లీ, ఓట్ల ధర ఇంత ఉన్నప్పుడు పట్నంలో పెన్నీకి రెండు గ్యాలన్లు ఇవ్వాలి, పట్నం బయట మూడో నాలుగో ఇవ్వాలి అని ఒక పట్టీ. గింజ ధర పెరిగితే ఏల్ ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. చేసేవారి కష్టానికి కొంచెం, దినుసుకు అసలు ధర, అంతకు మించి లేదు. నా సర్వీసులో ఎన్నో రేట్ల పట్టికలు చూశాను గాని, ముడిసరుకు ధరకు ఇంత నేరుగా ముడివేసినది చూడలేదు.

దీన్ని అమలు చేయడానికి ఊరూరా రుచి చూసే ఉద్యోగులుండేవారు. ఏల్ తయారవగానే ఇంటి ముందు ఒక కర్ర నిలబెట్టి వాళ్లకు కబురు తెలపాలి. ఆ ఉద్యోగం మన శాఖలో ఉంటే బదిలీల కోసం ఎంత పైరవీ జరిగేదో మిత్రులు ఊహించుకోవచ్చు. చట్టం తప్పినవారికి జరిమానా. అయితే స్థానిక కోర్టు పద్దులు చూసిన చరిత్రకారులు చెప్పేదేమంటే, తప్పు చేసినా చేయకపోయినా ఏల్ చేసేవాళ్ల పేర్లు చాలాచోట్ల వాయిదా వాయిదాకూ జరిమానా జాబితాలోకి ఎక్కుతూనే ఉండేవి. జరిమానా పేరుతో అది లైసెన్సు ఫీజు అయిపోయింది. మన శాఖ మిత్రులకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఇక్కడ ఇంగ్లీషువాళ్ల పాత మాట ఒకటి చెప్పుకోవాలి. స్కాట్ అంటే వంతు, చందా. నలుగురూ తలా ఇంత స్కాట్ వేసుకుని తాగే ఏల్‌ను స్కాటేల్ అనేవారు. మాట పుట్టుకలో ఏ దోషమూ లేదు. కాని రాజుగారి అడవులను కాచే ఉద్యోగులు దీన్ని పట్టుకున్నారు. వాళ్లు ఏల్ తయారు చేయిస్తారు, చుట్టుపక్కల రైతులు వచ్చి తాగి వంతు చెల్లించాలి. రాకపోతే? అడవిలో పందులను మేపుకునేవాడు, కట్టె తెచ్చుకునేవాడు రాకుండా ఎలా ఉంటాడు! ఏల్ చేయడానికి కావలసిన ధాన్యం కూడా ఆ రైతుల పొలంలో పనలు వసూలు చేసే తెచ్చేవారు. అంటే రైతు తన గింజతో చేసిన ఏల్‌ను తానే కొనుక్కుని తాగాలి. 1217లో వచ్చిన అటవీ శాసనం ఏడవ పద్దులో దీన్ని పేరు పెట్టి నిషేధించారు: అటవీ ఉద్యోగి గాని బంట్రోతు గాని ఇకమీదట స్కాటేల్ చేయరాదు, ధాన్యపు పనలు, గొర్రెపిల్లలు, పందిపిల్లలు వసూలు చేయరాదు అని. మనవాళ్లు దీన్ని మామూలు అంటారు. అక్కడ మామూలు వసూలుకు ఒక విందు పేరు ఉండేది, అంతే తేడా.

అదే వంతు వేసుకోవడం ఊరివాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు ఎలా నడిచిందో కూడా చూడాలి. చర్చి కప్పు కారుతోందనుకుందాం. చర్చి ధర్మకర్తలు ఇంటింటికీ వెళ్లి మాల్టు అడిగేవారు. ఒకరు తూమెడు, ఒకరు మానెడు ఇస్తారు. దాంతో పెద్ద ఎత్తున ఏల్ చేసి, వసంతకాలపు పండుగ రోజుల్లో ఊరంతా కూడి తాగి, ఆడి, పాడి, తాగిన దానికి డబ్బిచ్చేవారు. వచ్చిన డబ్బుతో కప్పు వేయించేవారు, గంటకు తాడు కొనేవారు, బీదలకు కొంత ఇచ్చేవారు. ఆ ధర్మకర్తల జమాఖర్చులు నేటికీ అనేక ఊళ్లలో భద్రంగా ఉన్నాయి. మతనిష్ఠ ఎక్కువైనవారు ఈ తాగుళ్లు ఆదివారాన్ని అపవిత్రం చేస్తున్నాయని పోరాడారు. సోమర్సెట్‌లో ఒక న్యాయమూర్తి వీటిని ఆపమని ఉత్తర్వు ఇస్తే, ఛార్లెస్ రాజు ఆ ఉత్తర్వు వెనక్కు తీయించి 1633లో ఆదివారపు ఆటపాటలకు అనుమతిస్తూ ప్రకటన చేశాడు. తాగుడు వల్ల తగువులు వచ్చేవన్నది నిజమే. గుడి కప్పు పడిందన్నదీ నిజమే. రెండూ ఒకే పద్దులో రాయాలి.

పెళ్లి ఏల్ అని ఇంకొకటి ఉండేది. పెళ్లికూతురు తరఫువారు ఏల్ చేస్తే, వచ్చిన బంధుమిత్రులు దాని విలువకు మించి డబ్బు ఇచ్చి కొత్త సంసారానికి మొదలు సమకూర్చేవారు. పెళ్లికి సంబంధించినదని చెప్పే బ్రైడల్ అనే ఇంగ్లీషు మాటలోనే ఏల్ దాగి ఉంది. ఇక సాయం ఏల్ ఉండేది. ఊళ్లో ఒకడికి ఇల్లు కాలినా, జబ్బు చేసి మంచాన పడినా, పొరుగువాళ్లు వాడి పేరున ఏల్ చేయించి, తాగినదానికి మించి ఇచ్చి వాణ్ణి నిలబెట్టేవారు. బిచ్చం ఇచ్చామని వీళ్లకూ ఉండదు, పుచ్చుకున్నామని వాడికీ ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు మన చదివింపులు గుర్తొచ్చాయి. పెళ్లిపందిట్లో ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానావారు పదహార్లు, ఫలానావారు నూటపదహార్లు అని పైకి చదివి రాస్తాడు. ఆ పుస్తకం బీరువాలో ఉంటుంది. వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తాం. అప్పు కాదు, వడ్డీ లేదు, నోటు లేదు, కాని లెక్క ఉంది. మా నాన్నగారి చదివింపుల పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. నేను రాసిన ఏ క్యాష్‌బుక్ కంటే అది నికరమైనది.

సభ్యులు ఇక్కడ అడగవచ్చు, ఈ పాత ముచ్చట్లు ఇప్పుడెందుకని. ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు ఒకడు ఇంట్లో బీరు చేసే సరదాలో పడ్డాడు. ఒక విడతకు అయిదు గ్యాలన్లు, అంటే సుమారు 23 లీటర్లు. అడుగున దిగిన మడ్డి పోగా అర లీటరు సీసాలు నలభై అనుకోవచ్చు. శనివారాలు స్నేహితులు వచ్చి తాగేవారు. ఒకతను మొహమాటపడి గ్లాసు కింద అయిదు పౌండ్ల నోటు పెట్టి వెళ్లాడట. అది చూసి మిగిలినవారూ పెట్టసాగారు. వారిలో ఒక తెలుగు కుర్రవాడికి ఉద్యోగం పోయింది. నోటు పెట్టలేక రావడం మానేశాడు. "మామయ్యా, మీరు ఆబ్కారీలో చేశారు కదా, నేను డబ్బు అడగనేలేదు, అయినా స్నేహితుడు దూరమయ్యాడు, ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి" అని ఫోనులో అడిగాడు.

మొదట చట్టం చెప్పాను. ఇంగ్లండులో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1880 నుంచి లైసెన్సు కావలసి ఉండేది. ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ 1963 బడ్జెట్టులో దాన్ని తీసేశాడు. ఇంటి వాడకానికి చేసుకుంటే సుంకం లేదు. అమ్మితే మాత్రం సుంకమూ, అనుమతులూ అన్నీ వస్తాయి. అమెరికాలో 1933లో మద్యనిషేధం పోయాక ఇంట్లో ద్రాక్షసారాయానికి మినహాయింపు దొరికింది గాని బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో కార్టరు సంతకం చేసిన చట్టం వల్ల ఆ లోటు తీరింది. ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్లు, అదీ అమ్మకానికి కాకుండా. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారు చేయడమే నేరం. ఈ వ్యాసం చదివి ఎవరూ ఇంట్లో కుండ పెట్టకండి!

తర్వాత లెక్క చెప్పాను. సులువుగా ఉండటానికి మాల్టు, హాప్స్ పూలు, ఈస్టు కలిపి 24 పౌండ్లు అయిందనుకుందాం. నలభై సీసాలకు పంచితే సీసా 60 పెన్నీలు. వాడు వంటగ్యాసు, సీసాలు, పాత్రల తరుగుదల, తన శ్రమ కూడా కట్టాలా అని అడిగాడు. కట్టవద్దన్నాను. పాత్రలు వాడి ముచ్చట కోసం కొన్నవి, స్నేహితులు రాకపోయినా కొనేవాడే. శ్రమకు ధర కడితే ఆ క్షణం నుంచి వాడు దుకాణదారు, వాళ్లు గిరాకీలు. దినుసు ఖర్చు వరకే పంచుకోవాలి. అదీ తాగిన తర్వాత గ్లాసు దగ్గర నోటు రూపంలో కాదు. గ్లాసు దగ్గర పెట్టిన నోటు చట్టం కంటికి అమ్మకం లాగే కనబడుతుంది, స్నేహితుడి కంటికి బిల్లు లాగే కనబడుతుంది. మాల్టు కొనబోయే ముందు, చర్చి ధర్మకర్తల పద్ధతిలో, ఒకరు మాల్టు సంచి తేవాలి, ఒకరు హాప్స్ తేవాలి. ఏమీ తేలేనివాడు సీసాలు కడగాలి. ఎవరు ఎంత తెచ్చారో గోడకు అంటించిన కాగితం మీద రాయకుండా ఉండటమే మంచిదన్నాను. గుమాస్తాగా ఆ మాట అనడానికి నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. సాయం ఏల్ సంగతి కూడా చెప్పాను. ఆ కుర్రవాడు ఇప్పుడు శనివారం మధ్యాహ్నమే వచ్చి సీసాలు కడుగుతున్నాడట.

ఇక చరిత్రలో మిగిలిన ముక్క త్వరగా చెబుతాను. హాప్స్ పూలు వేసిన బీరు పదిహేనవ శతాబ్దంలో సముద్రం అవతలి నుంచి ఇంగ్లండులో వ్యాపించింది. హాప్స్ వల్ల నిలవ గుణం వచ్చింది. నిలవ ఉంటే పెద్ద పీపాల్లో చేయవచ్చు, దూరం పంపవచ్చు. అందుకు పెట్టుబడి కావాలి. క్రమంగా ఇల్లాళ్ల చేతిలోంచి పని పెద్ద వ్యాపారుల చేతిలోకి పోయింది. 1643లో అంతర్యుద్ధం ఖర్చులకని పార్లమెంటు ఎక్సైజు సుంకం మొదలుపెట్టింది. మా శాఖ వంశవృక్షం అక్కడికే పోతుంది. 1697లో మాల్టు మీద పన్ను వేశారు. ఇంట్లో చేసుకునేవాడు కూడా మాల్టు కొనాలి కదా, అలా వాడూ పన్ను వలలో పడ్డాడు. విలియం కాబెట్ అనే పత్రికా రచయిత 1821-22లో కూలివాళ్ల సంసారం మీద రాసిన పుస్తకాన్ని బీరు తయారీతోనే మొదలుపెట్టాడు. మాల్టు పన్నూ హాప్స్ పన్నూ కూలివాడి ఇంట్లో పొయ్యి ఆర్పి, వాణ్ణి దుకాణానికి తరిమాయన్నది అతని కోపం. పైగా టీ దండగమారి ఖర్చని లెక్కలు కట్టి చూపించాడు. టీ విషయంలో ఆయనతో నాకు ఏకీభావం లేదు. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను తీసేసి బీరు మీదే సుంకం వేశాడు. పైన చెప్పిన ఇంటి లైసెన్సు అప్పుడు వచ్చినదే.

గ్లాడ్‌స్టన్ ఆ చట్టం తెచ్చిన 1880లో, అదే ప్రభువుల సైన్యం మన గోదావరి కొండల్లో ఉంది. అక్కడ కూడా తగువు ఇంటి తాగుడు గురించే. బీరు కాదు, కల్లు.

రంప ప్రాంతపు కొండవాళ్లకు తాటికల్లు, జీలుగుకల్లు సరదాకు తాగేవి కావు. ఎండాకాలంలో గింజలు అయిపోయినప్పుడు పొట్టకు ఆధారం అదే. చెట్టు ఒకడు గీస్తాడు, మొదట్లో నలుగురూ కూర్చుని తాగుతారు. రేపు ఇంకొకడి చెట్టు. పులిసిపోతే పనికిరాదు గనుక దాచుకునేదీ లేదు. ఇంగ్లండు ఇల్లాళ్ల ఏల్‌ను నడిపించిన సూత్రమే వీళ్ల కల్లునూ నడిపించింది.

ఈ కొండల మీద రంప మన్సబుదారు అధికారం ఉండేది. కింద ముఠాదార్లు ఉండేవారు. మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను అని వసూలు చేసేవాడు. 1870ల చివర మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చింది. దాని ప్రకారం ఇంటి వాడకానికి కూడా స్వేచ్ఛగా కల్లు గీసుకోరాదు. కల్లు ఆదాయం గుత్తేదార్లకు పాడుకున్నారు. గుత్తేదారు మనుషులు చిగురుపన్ను తమకు కట్టమన్నారు. అది చాలదన్నట్టు మన్సబుదారు దాని పైన మొదలుపన్ను అని ఇంకొకటి వేస్తానన్నాడు. తన కొండ, తన చెట్టు, తన గీత, తన బంధువు తాగే కల్లు. దానికి ఇద్దరికి చెల్లించాలి. 1217లో అటవీ శాసనం నిషేధించిన స్కాటేల్‌కూ దీనికీ ఉన్న తేడా ఏమిటో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. అక్కడ కనీసం ఏల్ చేయించి పోసేవారు.

కల్లు ఒక్కటే కారణం అనను. కింది నుంచి వచ్చిన వ్యాపారుల అప్పులు, కోర్టు డిక్రీలతో పశువులను తోలుకుపోవడం, పోలీసుల దౌర్జన్యం కూడా కలిశాయి. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. ఈనాడు రంపచోడవరం అనే చోడవరంలోనూ, అడ్డతీగలలోనూ పోలీసు ఠాణాల మీద దాడి జరిగింది. అది విశాఖపట్నం జిల్లా గొల్గొండ కొండలకూ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. అణచడానికి మద్రాసు పదాతి దళాలు ఆరు, సాపర్స్ రెండు కంపెనీలు, హైదరాబాదు కంటింజెంటు నుంచి గుర్రపుదళం, పదాతి విభాగం, ఇవికాక వందలాది పోలీసులను దింపారు. నాయకుల్లో ద్వారబంధాల చంద్రయ్య 1880 ఫిబ్రవరిలోనూ, కారం తమ్మన్నదొర అదే ఏడు జూన్‌లోనూ చంపబడ్డారు. కల్లు గుత్త మీద ఎంత ఆదాయం వస్తుందని లెక్క వేసి ఫైలు మీద సంతకం పెట్టారో గాని, ఆ సైన్యాన్ని ఏడాదికి పైగా కొండల్లో మేపిన ఖర్చును దాని పక్కన వేసి ఎవరైనా కూడిక చేశారా అని ఒక పాత గుమాస్తాగా నాకు కుతూహలం.

రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్‌ను విచారణకు పంపారు. కొండవాళ్ల మొర సబబేనని తేలింది. మన్సబుదారును పదవి నుంచి తీసి బందీగా దూరం పంపారు, అతని హక్కులు సర్కారు స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత సర్కారు ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుని వారికి సనదులు ఇచ్చింది. చిగురుపన్నూ, మొదలుపన్నూ రెండూ రద్దయ్యాయి.